పంట నష్టపు సహాయం ఎవరి సొమ్ము?

తుఫాను వచ్చో, వాన రాకో పంట పోయినప్పుడు ప్రభుత్వం రైతుకు ఇచ్చే డబ్బును గురించి మన సంఘ సభ్యుల్లో రెండు రకాల మాటలు వినిపిస్తుంటాయి. టాక్సులు కట్టేది మనం, అనుభవించేది వాళ్ళు అన్నది ఒకటి. అన్నం పెట్టే రైతుకు ఎంత ఇచ్చినా తప్పు లేదన్నది రెండోది. విచిత్రమేమిటంటే, ఒకే మనిషి ఈ దేశపు రైతును గురించి మొదటి మాటా, మన దేశపు రైతును గురించి రెండో మాటా అనడం కద్దు. రెండు మాటలూ అసలు ప్రశ్నను పక్కకు నెట్టేస్తున్నాయని నాకు అనిపిస్తుంది. ఇవ్వాలా, వద్దా అన్నది కాదు ప్రశ్న. ఆ డబ్బు ఎటువంటి డబ్బు? దానమా, బాకీయా? దానమైతే ఇచ్చేవాడి ఇష్టం, పుచ్చుకొనేవాడి అదృష్టం. బాకీ అయితే మాత్రం ఎవరికి పడ్డామో వాళ్ళకే చేరాలి. పక్కవాడి చేతిలో పెట్టి తీరిపోయిందనుకోడానికి వీల్లేదు.

నేను ఆర్థికశాస్త్రం చదివినవాణ్ణి కాను, వైద్యుణ్ణి. పై చదువుకని ఇక్కడికి వచ్చిన డాక్టర్లలో చాలామంది చదువు కాగానే రెండేళ్ళు స్వదేశంలో వుండి రావాలన్న వీసా నిబంధన ఒకటి వుంది. డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్ళు పని చేస్తే దాని నుంచి మినహాయింపు ఇచ్చే ఏర్పాటు 1994లో వచ్చింది. దాని పుణ్యమా అని మనవాళ్ళు ఎందరో, అమెరికాలో పుట్టినవాళ్ళు కూడా పేరు వినని వూళ్ళకు చేరారు. అయోవాలో ఒక చిన్న వూరికి నేను అలాగే వచ్చాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది రైతులు, లేదా రైతుల మీద బతికేవాళ్ళు. రక్తపోటు చూపించుకోడానికి వచ్చి వాన సంగతి మాట్లాడతారు. ఆ మాటలు వింటూండగా నాకు కలిగిన ఆలోచనలే ఇవి.

ముందుగా ఇక్కడి ఏర్పాటు గురించి నాలుగు ముక్కలు. 1930 దశకంలో ధూళి తుఫానులతో మధ్య రాష్ట్రాల రైతులు దివాలా తీశాక 1938లో ప్రభుత్వమే పంటల బీమా సంస్థను స్థాపించింది. చాలాకాలం అది నామమాత్రంగానే నడిచింది. 1973 చట్టంతో గోధుమ, పత్తి, మొక్కజొన్న వంటి పంటలకు నష్టం వస్తే నేరుగా డబ్బు ఇవ్వడం మొదలుపెట్టారు. ఖర్చు పెరిగేసరికి, దీనికి బదులు బీమాయే మేలని 1980లో ఇంకో చట్టం చేశారు. ఇప్పుడు రైతు కట్టవలసిన ప్రీమియంలో సగటున 60 శాతం పైచిలుకు ప్రభుత్వమే కడుతుంది. బీమా దొరకని పంటలకు 1994లో వేరే పథకం పెట్టారు. పశువులకూ పచ్చిక బీళ్ళకూ సంబంధించిన సహాయాన్ని 2014 చట్టం శాశ్వతం చేసింది. ఇన్ని వున్నా పెద్ద విపత్తు వచ్చినప్పుడల్లా కాంగ్రెసు మళ్ళీ ప్రత్యేకంగా డబ్బు మంజూరు చేస్తూనే వుంది. 2023, 2024 సంవత్సరాల నష్టాలకుగాను 2024 డిసెంబరులో సుమారు 2,100 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. ఆ డబ్బుకు దరఖాస్తులు పుచ్చుకోవడం 2025 జులైలో మొదలైంది. అంటే 2023 వేసవిలో పంట పోయిన రైతు 2025 వేసవిలో కాగితాలు నింపాడన్నమాట.

అసలు ఎందుకివ్వాలి? కిరాణా కొట్టువాడు నష్టపోతే ఎవరిస్తున్నారు, రైతుకే ఎందుకు, అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. రైతు మిగతా అందరికంటే పుణ్యాత్ముడు కనక అని నేను జవాబు చెప్పను. రైతుల్లో మంచివాళ్ళూ చెడ్డవాళ్ళూ మన డాక్టర్లలో వున్నట్టే వున్నారు. తేడా మనిషిలో లేదు, నష్టంలో వుంది. వూళ్ళో ఒకడి ఇల్లు కాలితే పదిమందీ తలో చెయ్యి వేసి ఇల్లు నిలబెడతారు. కాని గాలివాన అలా కాదు. 2020 ఆగస్టు 10న డెరేచో అనే గాలివాన పద్నాలుగు గంటల్లో సుమారు 770 మైళ్ళు దౌడు తీసి ఈ రాష్ట్రం నడుమగా పోయింది. సీడర్ రాపిడ్స్ దగ్గర గాలి వేగం గంటకు 140 మైళ్ళదాకా చేరి వుంటుందని అంచనా కట్టారు. కోతకు ఇంకా కొన్ని వారాలుందనగా నిలువెత్తు మొక్కజొన్న చాప పరిచినట్టు పడిపోయింది. ఆనాడు సహాయం చెయ్యవలసిన పొరుగువాడి చేను కూడా పడిపోయే వుంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడినప్పుడూ అంతే. ఆదుకోవలసిన వూరే కొట్టుకుపోయింది. పొరుగంతా ఒకేసారి మునిగితే ఆ బాధ్యత ఇంకా దూరంగా, పొడి నేల మీద వున్నవాళ్ళకు సంక్రమిస్తుంది. అందుకనే దీన్ని బాకీ అంటున్నాను. ఒక ప్రాంతం మునిగినప్పుడు మునగని ప్రాంతాలు తీర్చవలసిన బాకీ ఇది. రేపు మనం మునిగితే వాళ్ళు తీర్చాలి.

అయితే రైతు తప్పేమీ లేదా? బీమా ఎందుకు తీసుకోలేదు, నీళ్ళు లేనిచోట నీటి పంట ఎందుకు వేశాడు, అని అడగొద్దా? ఎమర్జన్సీ గదికి వచ్చినవాణ్ణి నువ్వు ఎన్ని సిగరెట్లు కాల్చావు, అందుకు తగిన శాస్తి జరిగింది అని మేం తిప్పి పంపం. ఆ ప్రశ్నలకు వేళ తర్వాత వస్తుంది. నష్టం వస్తే ఎలాగూ సర్కారు ఇస్తుందని జాగ్రత్తలు మానేసే రైతులూ వుంటారు, నిజమే. దానికి మందు బీమా నియమాల్లో వెతుక్కోవాలి, మునిగినవాడి గడప దగ్గర కాదు. కాని ఒక సంగతి. నీ తప్పెంత అని మేం అడగకపోయినా, నొప్పి ఎక్కడ అని అడక్కుండా మందివ్వం. నాడి చూడకుండా వార్డులో అందరికీ ఒకే మందు పోసే వైద్యుణ్ణి దయగలవాడని ఎవరూ అనరు.

వ్యాధి వుందో లేదో తేల్చే ఏ పరీక్షకైనా రెండు రకాల పొరపాట్లు వుంటాయి. వ్యాధి లేనివాడికి వుందని చెప్పడం ఒకటి, వున్నవాడికి లేదని చెప్పడం రెండోది. ఒకదాన్ని తగ్గించబోతే రెండోది పెరుగుతుంది. రెండూ పూర్తిగా లేని పరీక్షను ఎవరూ కనిపెట్టలేదు. కాబట్టి ఏ పొరపాటు వల్ల ఎవరికి ఎంత హాని అని చూసి పరీక్షను ఎంచుకుంటాం. విపత్తు సహాయమూ ఇలాటి పరీక్షే. నష్టపోనివాడికి డబ్బు వెళ్ళడం మొదటి రకం పొరపాటు. నష్టపోయినవాడికి వెళ్ళకపోవడం రెండో రకం. పత్రికల్లో గగ్గోలు ఎప్పుడూ మొదటిదాన్ని గురించే పుడుతుంది. రెండోది జరిగినవాడి గొంతు పత్రికలదాకా రాదు.

మొదటి రకానికి ఈ దేశంలో జరిగిన ఒక ఉదాహరణ చెబుతాను. 2002లో కరువు వల్ల మేత లేక ఇబ్బంది పడుతున్న పశుపోషకుల కోసం ఒక పథకం పెట్టారు. తలకింత అని పశువుల లెక్కన డబ్బు. 2003లో కాంగ్రెసు దాన్ని సడలించి, కరువే అక్కర్లేదు, ఏ కారణం చేతనైనా సరే విపత్తు ప్రాంతంగా ప్రకటించిన కౌంటీ అయితే చాలునంది. ఆ ఏడాది ఫిబ్రవరి 1న కొలంబియా అంతరిక్ష నౌక టెక్సస్ మీదుగా దిగుతూ ఆకాశంలోనే ముక్కలైపోయింది. మన దేశంలో పుట్టిన కల్పనా చావ్లా ప్రాణం పోగొట్టుకున్నది అందులోనే. ఆ శకలాలు పడిన కౌంటీలను విపత్తు ప్రాంతాలుగా ప్రకటించారు. శకలాలు పడినందుకు అక్కడి పశుపోషకులకు కరువు డబ్బు వచ్చింది! వాషింగ్టన్ పోస్టు పత్రిక 2006లో ఈ పథకం లెక్కలు తీసింది. మొత్తం సుమారు 120 కోట్ల డాలర్లు ఖర్చు కాగా, అందులో 63 కోట్ల పైచిలుకు డాలర్లు కరువు ఒక మోస్తరుగా వున్న, లేదా బొత్తిగా లేని ప్రాంతాలకు వెళ్ళాయని తేలింది. ఇందులో ఎవరూ దొంగతనం చెయ్యలేదు. అంతా చట్టప్రకారమే జరిగింది. ఇక్కడ కౌంటీని చూశారు, కొట్టాన్ని చూడలేదు.

రెండో రకం పొరపాటుకు ఉదాహరణ మన జిల్లాల్లోనే జరిగింది. 1876-78 కరువులో బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు అల్లాడిపోయాయి. దానికి కొద్ది ముందు, 1874లో, బీహారులో కరువు వచ్చినప్పుడు సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి బర్మా నుంచి బియ్యం తెప్పించి ధారాళంగా పంచాడు. చావులు చాలా తక్కువ. అయినా ప్రభుత్వ ధనం తగలేశాడని ఆయన్ను ఏకి పెట్టారు. ఆ మచ్చ చెరుపుకోవాలనో ఏమో, 1877లో మద్రాసు రాజధానికి పంపినప్పుడు ఆయన పూర్తిగా అవతలి కొసకు పోయాడు. సహాయపు పనులకు వచ్చే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని నిర్ణయించాడు. నిజంగా అవసరమున్నవాళ్ళే రావాలని ఇంటికి పది మైళ్ళకు అవతల పని కల్పించడం, అంతదూరం నడవగలిగితేనే తిండి పెట్టడం కూడా ఆ రోజుల్లో ఒక పరీక్ష. నడవలేనంత ఆకలిగొన్నవాడు ఆ పరీక్ష తప్పుతాడని వేరే చెప్పనక్కర్లేదు. ఈ కొలతను ఎదిరించినవాడు మద్రాసు ప్రభుత్వపు శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్. ఒక పౌను తిండితో కష్టం చేసేవాడు బతకడని ఆయన వైద్య కారణాలు చూపి వాదించాడు. ఆ ఏడాదే మద్రాసు ప్రభుత్వం కొలత కొంత పెంచవలసి వచ్చింది. దేశం మొత్తం మీద ఆ కరువులో పోయిన ప్రాణాలు యాభై లక్షలకు పైనే అంటారు.

ఈ రెండు పొరపాట్లనూ తక్కెడలో పెడితే ఏది బరువో చెప్పడం కష్టం కాదు. నష్టపోనివాడికి నాలుగు డాలర్లు ఎక్కువ వెళితే ఖజానాకు చిల్లు. నష్టపోయినవాడికి వెళ్ళకపోతే ఒక సంసారం వీధిన పడుతుంది. కాబట్టి అనుమానం వచ్చినచోట ఇచ్చెయ్యడమే మంచిదని నా అభిప్రాయం. కాని ఇక్కడితో ఆగిపోతే మనం ఆ అంతరిక్ష నౌక దగ్గరే వుండిపోతాం.

మరి ఎవరు చూడాలి? ఆ వూరివాళ్ళకే తెలుస్తుంది ఎవరి చేను పోయిందో, వాళ్ళనే చూడమందాం అంటారా? ఇక్కడ ప్రతి కౌంటీలోనూ రైతులు ఎన్నుకున్న కమిటీ వుంటుంది. వ్యవసాయశాఖ పథకాల్లో దాని మాట నడుస్తుంది. వినడానికి బాగుంది. అయితే నష్టం తెలిసినవాళ్ళకే పగలూ పట్టింపులూ కూడా తెలుస్తాయి. 1981 నుంచి 1996 దాకా అప్పుల్లోనూ విపత్తు సహాయంలోనూ తమను రంగును బట్టి వెనక్కి నెట్టారని నల్లజాతి రైతులు వ్యవసాయశాఖ మీద దావా వేశారు. పిగ్‌ఫర్డ్ కేసు అంటారు దాన్ని. 1999లో రాజీ కుదిరి, శాఖ వంద కోట్ల డాలర్లకు దరిదాపుగా చెల్లించింది. మన వూళ్ళల్లో ఎన్యూమరేషనుకు వచ్చిన ఉద్యోగి ఏ అరుగు మీద కూర్చుని జాబితా రాశాడన్నదాన్ని బట్టి జాబితా మారడం తెలియనివాళ్ళు మనలో ఎవరున్నారు?

ఈ బాధ పడలేక ఇప్పుడు కొన్ని పథకాల్లో మనుషులను పక్కన పెట్టి మ్యాపును నమ్ముతున్నారు. 1999 నుంచి ఈ దేశంలో వారం వారం కరువు మ్యాపు తయారు చేస్తున్నారు. పచ్చిక పోయినందుకిచ్చే సహాయానికి అదే కొలబద్ద. 2014 చట్టం ప్రకారం, మేత కాలంలో కౌంటీలో ఏ భాగమైనా తీవ్ర కరువు రంగులో ఎనిమిది వారాలు వరసగా వుంటే ఆ కౌంటీ అంతటికీ సహాయం అర్హమయ్యేది. మ్యాపుకు పగ లేదు, బంధుప్రీతి లేదు. అదెంతో మేలు. కాని వాన కౌంటీ హద్దులు చూసుకుని కురవదు. కౌంటీకి ఒక కొసన బీడు మాడిపోతే ఇంకో కొసన పచ్చగా వుండవచ్చు. అందుకని రైతు, నా పచ్చిక కరువు వల్ల పోయింది అని సంతకం చేసి ఇవ్వాలి. ఎప్పుడైనా తనిఖీ రావచ్చు గాని, సాధారణంగా ఎవరూ వచ్చి గడ్డి కొలవరు. అంటే పరీక్ష పోలేదు. అధికారి చేతిలోంచి రైతు చేతిలోకి వచ్చింది. ప్రభుత్వం రెండో రకం పొరపాటు చెయ్యకూడదని ఔదార్యం చూపినప్పుడు, మొదటి రకం పొరపాటు జరగకుండా చూసే పని పుచ్చుకొనేవాడి మీద పడుతుంది.

దక్షిణాన పశువులున్న ఒక ముసలాయన నా దగ్గరికి వస్తుంటాడు. ఒక కరువు వేసవి తర్వాత ఆ కాగితాల ప్రసక్తి వస్తే, ఎండిపోయిన బీళ్ళకే రాసిచ్చాను, వాగు పక్క బీడు బాగానే వుంది, దానికి రాయలేదు అన్నాడు. పక్కవాళ్ళు అన్నిటికీ రాశారట. ఎవరూ చూడరు కదా, మీరెందుకు అలా చేశారు అన్నాను. ఆయన నవ్వి, మీరూ నాకొక కాగితం ఇస్తారు, వారానికి ఎన్ని బీర్లు తాగుతావని. నేను రాసింది నమ్మి మందు రాస్తారు. నేను అబద్ధం రాస్తే మీకేం నష్టం, మందు సరిగా పడనిది నాకే కదా అన్నాడు. ఆ కాగితాల్లో రాసే సంఖ్యలను మేం డాక్టర్లం ఎంతవరకు నమ్ముతామో నేను ఆయనకు చెప్పలేదు. కాని ఆయన మాటలో ఒక సత్యం వుంది. అబద్ధపు సంతకాల వల్ల పథకానికే మందు వికటిస్తుంది. ఇంకో అంతరిక్ష నౌక కథ పత్రికలో పడితే, తర్వాత వచ్చే చట్టం పది మైళ్ళ నడకను మళ్ళీ తెస్తుంది. ఆ నడక నడవవలసింది నిజంగా నష్టపోయినవాడే. ఎక్కువ పుచ్చుకున్నవాడు అప్పటికి తన పచ్చికలో హాయిగా వుంటాడు.

ఇచ్చాక బహిరంగం చెయ్యడం ఒక ఉపాయం. ఈ దేశంలో రైతు సహాయం ఎవరికెంత వెళ్ళిందో పేర్లతో సహా చూసుకునే వీలు 2000 దశకం మొదటినుంచీ వుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ పంట నష్టం జాబితాలను వూళ్ళో అంటించి అభ్యంతరాలు అడిగే పద్ధతి పెట్టారు. రోగి రహస్యం కాపాడటం అలవాటైన నాకు మొదట ఇది మోటుగా కనిపించింది. కాని రోగం ఒకడి సొంతం, ఖజానా అందరిదీ. త్వరగా ఇచ్చి, తర్వాత అందరి ముందూ లెక్క చూడటం, ముందు నెలల తరబడి లెక్క చూసి ఆలస్యంగా ఇవ్వడం కంటే మంచిది. అయినా ఏ జాబితా కూడా మనిషి మనసు చెయ్యవలసిన పనిని పూర్తిగా చెయ్యదు.

ఇంతవరకూ ఈ దేశపు రైతుల సంగతి. ఇది మనదాకా వచ్చే చోటు ఒకటుంది, దాన్ని చెప్పకపోతే ఈ వ్యాసం రాయడం దండగ. మనలో చాలామందికి అక్కడ పొలం వుంది. రెండెకరాలో, పదెకరాలో, తాతగారిదో, మనమే కొన్నదో. మనం దున్నం. కౌలుకిచ్చాం. పాసుపుస్తకం మన పేరు మీద వుంది.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. సార్వా పంట చేతికి వచ్చే రోజులవి. నిలిచి వున్న చేలు నీళ్ళలో పడిపోయాయి. కోసిన పనలు నాని మొలకలెత్తాయి. ధాన్యం రంగు మారింది. ఇటువంటప్పుడు 33 శాతం, ఆ పైన పంట పోతే పెట్టుబడి రాయితీ ఇస్తారు. 2015కు ముందు సగం పంట పోతే గాని ఇచ్చేవారు కాదు. 2022లో కేంద్రం సవరించిన రేట్ల ప్రకారం హెక్టారుకు నీటి వసతి వున్న పంటకు 17,000 రూపాయలు, వర్షాధారానికి 8,500, అదీ రెండు హెక్టార్లదాకానే. ఎకరానికి లెక్క వేస్తే వరికి ఏడువేలకు కాస్త తక్కువ. పెట్టుబడిలో ఇదొక మూల. అయినా వడ్డీ వ్యాపారి గుమ్మంలో నిలబడ్డవాడికి అదే పెద్ద ఆధారం.

ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? ఇక్కడే చిక్కు. కౌలు రైతును గుర్తించడానికి 2011లో ఒక చట్టం, 2019లో ఇంకో చట్టం వచ్చాయి. 2019 చట్టంలో పదకొండు నెలల గడువుతో సాగు హక్కు పత్రం ఇస్తారు, భూమి మీద హక్కేమీ రాదని అందులోనే రాశారు. కాని దానికి భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే పొలం పోతుందేమోనని యజమాని భయం. అడిగితే వచ్చే ఏడు కౌలుకివ్వడేమోనని కౌలుదారు భయం. ఇద్దరి భయాల మధ్య కాగితం పుట్టదు. కాగితం లేకపోతే నష్టం కౌలుదారుది, డబ్బు పాసుపుస్తకానిది.

ఈ విషయంలో అమెరికా నియమం చూడదగింది. కౌంటీని చూసి కొట్టాన్ని మరిచిన ప్రభుత్వమే, పొలంలో ఎవరికివ్వాలన్న దగ్గర మాత్రం సూటిగా వుంది. పంట నష్టాన్ని భరించేవాడే రైతు. పొలాన్ని రొక్కపు కౌలుకిచ్చిన యజమాని, పంట పోయినా పండినా తన డబ్బు తనకు వస్తుంది కనక, పంట సహాయానికి అర్హుడు కాడు. పంటలో పాలుకిచ్చినవాడైతే నష్టంలోనూ పాలుంది, సహాయంలోనూ అంతే పాలు. మన డెల్టాలో కౌలు సాధారణంగా ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే ఖాయం చేసుకుంటాం. పంట మునిగినా ఆ బస్తాలు బాకీయే. అంటే ఈ లెక్కలో మనం రొక్కపు కౌలుకిచ్చినవాళ్ళమే.

ఇక్కడ మనవాళ్ళు చెప్పే సమాధానాలు నాకు తెలుసు. కొద్ది డబ్బేగా అంటారు. మనకు కొద్దే. డాలర్లలోకి మార్చితే ఎకరానికి నూరు కూడా రావు. అంత కొద్దిదాన్ని వదులుకోడం కష్టమేమీ కాకూడదు. ప్రభుత్వమే నా పేరు మీద వేసింది, నేనడిగానా అంటారు. ఆ టెక్సస్ పశుపోషకులకూ ప్రభుత్వమే వేసింది, వాళ్ళను చూసి నవ్వేవాళ్ళు ఇదే మాటను తమకోసం వాడుకోరాదు. సంతకం పెడితే కౌలుదారు పొలం ఎక్కి కూర్చుంటాడంటారు. పాత కౌలుదారీ చట్టాలను చూసిన మన పెద్దల భయం అది, ఉత్తదని అనను. కాని పదకొండు నెలల పత్రాన్ని ఒక వకీలుకు చూపించుకోడానికి మనకున్న వీలు కౌలుదారుకు లేదు. భయం తీర్చుకునే దారి మనకుంది కనక, తీర్చుకోవలసిన బాధ్యతా మనదే.

ఒక్క సమాధానంలో మాత్రం న్యాయం వుంది. ఆ ఏడు నేను కౌలు వదిలేశాను, నష్టం నాకూ వచ్చింది అనేవాళ్ళున్నారు. నిజమే. సగం కౌలు వదిలేస్తే సగం నష్టం మోసినట్టే. అప్పుడు ఇద్దరూ కూర్చుని ఎవరెంత మోశారో చూసి పంచుకోవచ్చు. నేను చెప్పేది యజమాని ఎప్పుడూ దోషి అని కాదు. డబ్బు నష్టం వెంట వెళ్ళాలి, నష్టం ఎంత దూరం పంచుకుంటే అంత దూరం. ఇది దానం కాదు కనక, దయతో ఇస్తున్నామన్న భావం కూడా మనకుండనక్కర్లేదు. అతని సొమ్ము పొరపాటున మన ఖాతాలో దిగింది. దాన్ని చేర్చడానికి పోస్టుమానుకున్నంత గొప్పతనమే మనకుంటుంది.

వార్తాలేఖలో ఇలాటివి రాస్తే, అక్కడ పొలం లేనివాళ్ళకు ఇదంతా ఎందుకనిపించవచ్చు. వాళ్ళు కూడా ఈ దేశంలో టాక్సులు కడుతున్నారు, వోట్లు వేస్తున్నారు. విపత్తు సహాయపు చట్టం ఎప్పుడు చర్చకు వచ్చినా, ఎంత డబ్బు అన్న ప్రశ్నతోపాటు ఎన్నాళ్ళకు, ఎవరు చూసి, ఎవరికి అన్న మూడు ప్రశ్నలూ తమ ప్రతినిధులకు రాసి అడగవచ్చు.

పొలం వున్నవాళ్ళకు నా మనవి ఇది. ఏరువాకకు ముందే కౌలు మాటలవుతాయి. ఈ ఏడు ఆ మాటలయ్యేటప్పుడు అన్నగారికో బావగారికో ఫోను చేసి, పొలం ఎవరు చేస్తున్నారు, అతనికి సాగు పత్రం వుందా అని కనుక్కోండి. లేకపోతే సంతకానికి ఏం కావాలో అడిగి పంపండి. ఇదివరకు తుఫాను డబ్బు ఏదైనా మన ఖాతాలో పడి వుంటే, ఆ ఏడు చేసిన మనిషి పేరు కనుక్కోండి. ఆ డబ్బు అతనిది.